తగలని దెబ్బకు చప్పుడెక్కడిది?

ఒక సినిమా అనుకుందాం. కోర్టుకు తీసుకెళ్తుండగా పేరుమోసిన రౌడీ ఒకడు పోలీసుల కళ్ళుగప్పి పారిపోయాడు. పట్టుకోవడానికి ఇద్దరు డిటెక్టివ్‌లు బయల్దేరారు. బెజవాడ వన్‌టౌన్ సందులు గాలించారు, బస్టాండు దగ్గర కాపు కాశారు, చివరికి ఆటోనగర్‌లో పాత లారీ బాడీల మధ్య వాడు ఎదురుపడ్డాడు. డిటెక్టివ్‌లలో ఒకడికి కరాటే వచ్చు. రాకపోతే అది సినిమాయే కాదు. పిడికిలి బిగించి విసిరాడు. రౌడీ దవడ గిర్రున తిరిగింది, నోట్లోంచి తుంపర లేచింది, మనిషి పది అడుగుల అవతల రేకుల మీద దబ్బున పడ్డాడు. హాలంతా ఈలలు.

ఇదే దృశ్యం షూటింగ్ రోజున పక్కన నిలబడి చూసినవాళ్ళకు చప్పగా ఉంటుంది. పిడికిలి దవడకు జానెడు ఎడంగా గాలిలో పోతుంది. దెబ్బ తిన్నవాడు తన తల తానే తిప్పుకుంటాడు. చప్పుడంటూ ఏదైనా ఉంటే అది ఫైట్ మాస్టర్ కేకలూ, జనరేటర్ మోతా. దెబ్బ అన్నది ఎక్కడా లేదు. అయినా హాల్లో కూర్చున్న వందల మంది దాన్ని చూశామనే అంటారు, ప్రమాణం చేసి మరీ అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళ కళ్ళూ చెవులూ కలిసి, లేని దెబ్బనొకదాన్ని తయారుచేసి వాళ్ళకు చూపించాయి. ఆ తయారీ ఎలా జరుగుతుందన్నదే ఇక్కడి సంగతి. దానికి సినిమా హాలు దాటి, అసలు డిటెక్టివ్‌ల దాకా పోయే కొస ఒకటుంది. అది చివర్లో.

బెజవాడ రౌడీ, కరాటే హీరో

రౌడీ కథలకు బెజవాడను మించిన ఊరు తెలుగు సినిమాకు దొరకలేదు. 1970, 80 దశకాల్లో ఇక్కడి వర్గాల తగాదాలు, కాలేజీల్లో విద్యార్థి గుంపుల గొడవలు రాష్ట్రమంతా చెప్పుకొనేవాళ్ళు. ఆ రోజుల్లో ఇక్కడి సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీలో చదువుకున్న రామ్‌గోపాల్ వర్మ తన కాలేజీ అనుభవాల్లోంచే ‘శివ’ కథ అల్లుకున్నాడు. 1989 అక్టోబరు 5న ఆ సినిమా వచ్చింది. అదే ఏడాది కోడి రామకృష్ణ ‘అంకుశం’లో పోలీసు ఇన్‌స్పెక్టరుగా రాజశేఖర్, రౌడీగా రామిరెడ్డి జనాన్ని ఊపేశారు. వర్మ 2016లో మళ్ళీ బెజవాడకే వచ్చి ‘వంగవీటి’ తీశాడు.

కరాటే సంగతి వేరే దారిలో వచ్చింది. 1980లలో సుమన్, భానుచందర్ లాంటి హీరోలు నిజంగానే ఆ విద్య నేర్చుకొని తెరమీదికొచ్చారు. తర్వాత ‘తమ్ముడు’లో (1999) కిక్‌బాక్సింగ్, ‘భద్రాచలం’లో (2001) తైక్వాండో కథకే ఇరుసయ్యాయి. ఈ ఫైట్ల వెనక మన ప్రాంతం చెయ్యి కూడా ఉంది. ఫైట్ మాస్టర్లు రామ్, లక్ష్మణ్ కవలలది కృష్ణా పడమటి డెల్టా కొసనున్న కారంచేడు.

ఇన్ని సినిమాల్లోనూ ‘శివ’ దెబ్బలు ఎందుకో బరువుగా అనిపిస్తాయి. నటులు గట్టిగా కొట్టుకున్నారని కాదు. ఆ సినిమాలో దెబ్బలు లెక్కకు తక్కువ, వాటి మధ్య నిశ్శబ్దం ఎక్కువ. దెబ్బకు ముందు చెవికి కాస్త విరామం దొరికితే ఆ తర్వాత వచ్చే చప్పుడు రెట్టింపు పని చేస్తుంది. ఎడతెరిపి లేకుండా డిష్యుం డిష్యుమనే ఫైట్లో పదో దెబ్బకే చెవి మొద్దుబారిపోతుంది.

ఒంటికన్నుతో చూస్తే

మొదటి మోసం కెమెరాది. మన రెండు కళ్ళ మధ్య ఎడం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. అందువల్ల రెండు కళ్ళకూ రెండు వేర్వేరు బొమ్మలు అందుతాయి. వాటి మధ్య ఉన్న చిన్న తేడాను బట్టే ఏది దగ్గరో ఏది దూరమో మెదడు లెక్క కడుతుంది. షూటింగ్ దగ్గర నిలబడ్డవాడికి పిడికిలికీ దవడకూ మధ్య ఖాళీ తెలిసిపోయేది ఇలాగే. కెమెరాకున్నది ఒకే కన్ను. దాని బొమ్మలో లోతు ఉండదు, లోతు ఉందని ఊహించుకోవడానికి కొన్ని గుర్తులు మాత్రం ఉంటాయి.

ఫైట్ మాస్టర్ చేసే పని ఆ గుర్తుల్ని చెరిపేయడం. కెమెరా, పిడికిలి, దవడ మూడూ ఒకే గీత మీదికి వచ్చేలా మనుషుల్ని నిలబెడతాడు. కొట్టేవాడి భుజం మీదుగానో, తినేవాడి వీపు వెనకనుంచో తీస్తే పిడికిలి దవడను దాటే క్షణంలో ఒకటి రెండోదాన్ని కప్పేస్తుంది, మధ్యలో ఖాళీ కనపడదు. పక్కనుంచి తీస్తే గుట్టు రట్టే. పాత సినిమాల్లో అలాంటి షాట్లు ఇప్పటికీ వెతికి పట్టుకోవచ్చు. పిల్లలు ఆ పనిలో సిద్ధహస్తులు.

దీనికి తోడు కెమెరాను దూరంగా జరిపి, దూరపు వస్తువుల్ని దగ్గరకు లాగే లెన్సు పెడతారు. చదును చేసేది ఆ లెన్సే అని చాలామంది అనుకుంటారు గానీ అసలు పని దూరానిది. కెమెరా రెండు మీటర్ల దగ్గరుంటే 20 సెంటీమీటర్ల ఖాళీ ఆ దూరంలో పదో వంతు. ముందున్న పిడికిలి ఆ మేరకు పెద్దదిగా కనబడి, దవడ దాని వెనక ఎక్కడో ఉందని చాడీ చెబుతుంది. కెమెరా 15 మీటర్ల అవతలికి పోతే అదే ఖాళీ 75వ వంతు. ఆ తేడాను పట్టే కన్ను లేదు.

ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య

రెండో మోసం కాలానిది. సినిమా అంటే సెకనుకు 24 బొమ్మలు. సాధన చేసిన మనిషి పిడికిలి సెకనుకు పది మీటర్ల వేగాన్ని అందుకుంటుంది. లెక్క వేయండి: ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య ఆ పిడికిలి 40 సెంటీమీటర్లకు పైనే కదిలిపోతుంది. ఒక ఫ్రేములో అది దవడకు ఇవతల ఉంటే తర్వాతి ఫ్రేములో అవతల ఉంటుంది. తగలాల్సిన క్షణం కెమెరాలో పడకుండానే పోవచ్చు.

అందులోనూ షట్టరు మామూలుగా సగం సేపే తెరుచుకొని ఉంటుంది. ఆ సగం సేపట్లో పిడికిలి అలుక్కుపోయిన చారలా పడుతుంది, మిగతా సగం అసలు పడదు. నిజంగా కొట్టినా, కొట్టకపోయినా ఫిల్ము మీద మిగిలేది దాదాపు ఒకటే. నటుల పళ్ళను కాపాడుతున్నది ఈ చిన్న వెలితి.

వేగం చాలదనుకుంటే ఇంకో చిట్కా ఉంది. ఫైట్‌ను సెకనుకు 20, 22 ఫ్రేముల చొప్పున తీసి, 24 చొప్పున ఆడిస్తారు. మనుషులు కాస్త చురుగ్గా కదిలినట్టుంటుంది. మోతాదు మించితే మూకీ సినిమా కామెడీ అవుతుంది.

తోసినట్టు కనబడాలంటే

సరే, ఖాళీ కనపడలేదు, క్షణం పడలేదు. ‘కనపడకపోవడం’ వేరు, ‘దెబ్బ కనపడటం’ వేరు. లేనిదాన్ని ఉన్నట్టు పూరించేదెవరు?

బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ మిషోట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ ప్రశ్నతో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి, 1946లో ఒక పుస్తకం ప్రచురించాడు. అతని ప్రయోగంలో ఉన్నవి రెండు చిన్న చదరాలు మాత్రమే. మొదటిది కదిలి వచ్చి రెండోదాని పక్కన ఆగుతుంది. వెంటనే రెండోది కదులుతుంది. చూసినవాళ్ళలో దాదాపు ఎవరూ ‘ఒకటి ఆగింది, ఇంకొకటి కదిలింది’ అని చెప్పలేదు. మొదటిది రెండోదాన్ని తోసిందన్నారు. తొయ్యడానికి అక్కడ ఏముంది? గీతలు గీసిన పళ్ళేన్ని చీలిక వెనక తిప్పితే కనిపించిన రంగు ముక్కలవి. అయినా తోపు కళ్ళెదుట కనబడింది, ఆలోచించి తేల్చుకున్నది కాదు.

మిషోట్ పట్టుకున్న అసలు కిటుకు సమయం. రెండో చదరం కదలడం సెకనులో పదో వంతు దాటి ఆలస్యమైతే ఆ తోపు పలచబడుతుంది. ఐదో వంతు దగ్గరికి వచ్చేసరికి దాదాపు మాయమవుతుంది; రెండూ ఎవరి దారిన అవి కదిలినట్టే ఉంటాయి. కొన్ని సందర్భాల్లో రెండు చదరాల మధ్య కొంచెం ఎడం మిగిలినా తోసినట్టే అనిపించిందని కూడా అతను చూశాడు. చోటులో కొద్ది తేడాను కన్ను ఓర్చుకుంటుంది, సమయంలో ఆలస్యాన్ని ఓర్చుకోదు.

ఫైట్ మాస్టర్లు మిషోట్ పేరు విని ఉండకపోవచ్చు. వాళ్ళు ‘టైమింగ్’ అనేది మాత్రం ఇదే. పదో వంతు సెకనంటే రెండు ఫ్రేముల పైన కొద్దిగా. పిడికిలి దవడను దాటిన రెండు ఫ్రేముల్లోపు తల తిరగాలి. ఆలస్యమైందా, ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా దెబ్బ తగిలినట్టుండదు. అందుకే ఫైట్లో గొప్ప నటన కొట్టేవాడిది కాదు, తినేవాడిది. పోస్టరు మీద బొమ్మ ఎవరిదన్నది వేరే సంగతి.

చెవి ఒప్పుకుంటేనే

ఇప్పటిదాకా చెప్పిందంతా సగం. మిగతా సగం చెవి పని, నా లెక్కలో పెద్ద సగం అదే. పాత జానపద సినిమాల్లో కాంతారావు, రాజనాల కత్తియుద్ధాల్లో కత్తికి కత్తి నిజంగానే తగిలేది. పిడికిలి తగలకూడదు. దాని చప్పుడు పూర్తిగా బయటినుంచి తెచ్చి అతికించాల్సిందే.

మన పల్లెల్లో తోలుబొమ్మలాట ఆడినవాళ్ళకు ఈ సంగతి తరతరాలుగా తెలుసు. తెర మీద రెండు తోలు బొమ్మలు దగ్గరికొచ్చి విడిపోతాయి, అంతే. తోలుకు తోలు తగిలితే వినిపించే చప్పుడు ఏపాటిది? ఆడించేవాళ్ళు కాళ్ళ కింద చెక్కపలకలు పెట్టుకొని, బొమ్మలు కలిసిన ఆ క్షణాన్నే ధనామని తొక్కుతారు. భీముడి గద అప్పుడు తగులుతుంది.

ఆ చెక్కపలక చేసిన పనిని 1997లో ఒక ప్రయోగం తేటతెల్లం చేసింది. రాబర్ట్ సెకులర్, ఆలిసన్ సెకులర్, రెనీ లావ్ కలిసి కంప్యూటరు తెర మీద ఒకేలాంటి రెండు చుక్కల్ని ఎదురెదురుగా నడిపించారు. అవి మధ్యలో కలిసి, తిరిగి విడిపోతాయి. ఒకదాన్నొకటి దాటి పోయాయా, ఢీకొని వెనక్కి మళ్ళాయా అన్నది బొమ్మను బట్టి తేలదు. రెండూ నిజం కావచ్చు. చప్పుడు లేకుండా చూపిస్తే ఎక్కువసార్లు జనం దాటి పోయాయనే చెప్పారు. చుక్కలు కలిసిన క్షణంలో ‘టక్’మని చిన్న చప్పుడు చేర్చారు. బొమ్మలో ఒక్క చుక్క కూడా మారలేదు. అయినా ఢీకొన్నాయని చెప్పేవాళ్ళు బాగా పెరిగారు. ‘నేచర్’ పత్రికలో అచ్చయిన ఆ రెండు చుక్కల స్థానంలో పిడికిలినీ దవడనూ పెట్టుకోండి, మన ఫైట్ తయారు.

మెదడు ఇలా ఎందుకు చేస్తుంది? దానికి కంటినుంచి వచ్చే సమాచారం ఎటూ తేల్చదు: తగిలిందో లేదో తెలియదు. అలాంటప్పుడు ఇంకో సాక్షి వాంగ్మూలం కావాలి. లోకంలో రెండు వస్తువులు కలిసిన క్షణంలోనే చప్పుడు పుట్టిందంటే అవి ఢీకొన్నాయనే అర్థం; తొంభై తొమ్మిదిసార్లు అదే నిజం. నూరోసారి సినిమా హాల్లో కూర్చుంటాం.

ఈ సాక్ష్యానికి కూడా సమయం హద్దుంది, ఆ హద్దులో ఒక వింత ఉంది. బెజవాడలో బందరు కాలువ గట్టున నిలబడి అవతలి ఒడ్డున బట్టలుతుకుతున్నవాళ్ళను చూడండి. బట్ట బండ మీద పడటం ముందు కనబడుతుంది, చప్పుడు ఒక్క పిసరు వెనక వస్తుంది. చేతులు పైకి లేస్తున్నప్పుడు ‘ధబ్’మని వినిపిస్తుంది. వెలుగు అందిన వెంటనే ధ్వని అందదు. అది సెకనుకు దాదాపు 340 మీటర్లే నడుస్తుంది. ఇలా చప్పుడు ఆలస్యంగా రావడం పుట్టినప్పటి నుంచి మనకు అలవాటు. ముందుగా రావడం లోకంలో ఎక్కడా జరగదు. అందుకే ప్రసారాలకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం పెట్టిన కొలతల్లో కూడా రెండు వైపులా ఒకే హద్దు లేదు. చప్పుడు బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే చాలు, తేడా పసిగట్టేస్తాం. వెనక వస్తే 125 మిల్లీసెకన్ల దాకా పట్టించుకోం.

పెద్ద సింగిల్ థియేటరు బ్రతికిపోయింది ఈ వెసులుబాటు వల్లే. తెర వెనక స్పీకరు నుంచి 30 మీటర్ల దూరంలో, బాల్కనీ చివరి వరసలో కూర్చున్నవాడికి దెబ్బ చప్పుడు 90 మిల్లీసెకన్లు, అంటే రెండు ఫ్రేములు ఆలస్యంగా అందుతుంది. నేల టికెట్టువాడికి దాదాపు అప్పటికప్పుడే. ఇద్దరూ ఒకేసారి ఈల వేస్తారు.

ఇక ఆ చప్పుడు దేనితో చేస్తారంటే, పిడికిలితో మాత్రం కాదు. నిజమైన గుద్దు చప్పుడు మెత్తగా, పేలవంగా ఉంటుంది. మాంసం ధ్వనిని మింగేస్తుంది. సినిమా చప్పుడు మూడు పొరల వంటకం. మొదట చెయ్యి గాలిని చీల్చే ‘వుష్’. తర్వాత ఎముక విరిగినట్టుండే పదునైన ముక్క, దానికి ఆకుకూర కాడల్ని విరిచినా సరిపోతుంది. అడుగున తోలు దిండునో తడి గుడ్డల మూటనో బాదిన బరువైన మోత. ఈ విద్యకు హాలీవుడ్‌లో జాక్ ఫోలీ పేరు మీద ‘ఫోలీ’ అనే పేరు స్థిరపడింది. మనవాళ్ళు ఇంకా సులువుగా ‘ఎఫెక్ట్స్’ అంటారు. మొదటి పొర ‘వుష్’ది దొంగపని: దెబ్బకు ముందే చెవిని సిద్ధం చేసి, ఎక్కడ వినాలో చెప్పిపెడుతుంది.

----------
పెట్టె: సైకిల్ గొలుసు చేత్తో తెగుతుందా?

‘శివ’ చూసిన కుర్రాళ్ళంతా ఒక్కసారైనా తమ సైకిలు వైపు ఆశగా చూసి ఉంటారు. హీరో కోపంగా లాగితే గొలుసు ఊడి చేతికొస్తుంది. అసలు సైకిలు మీద అది జరగాలంటే రెండు అడ్డంకులున్నాయి. గొలుసును పళ్ళ చక్రాల మీదనుంచి జార్చినంత మాత్రాన అది బయటికి రాదు. వెనక చక్రం దగ్గరికి పోయే ఫ్రేము గొట్టం దాని మధ్యలోంచే వెళ్తుంది. కాబట్టి ఎక్కడో ఒకచోట తెగాలి. 800 కిలోల బరువు వేలాడదీసినంత లాగినా తెగకూడదన్నది సైకిలు గొలుసుకు అంతర్జాతీయ ప్రమాణం. ఏ హీరో భుజం ఆ దరిదాపులకు పోదు. రెండు కొసల్నీ కలిపే చిన్న క్లిప్పు ఒకటే బలహీనమైన చోటు. సైకిలు షాపులో కుర్రవాడు దాన్ని స్క్రూడ్రైవరుతో చిటికెలో ఊడదీస్తాడు. ఇంత తెలిసినా ఆ షాట్ వచ్చినప్పుడు ఒళ్ళు గగుర్పొడుస్తుంది, అదేం చిత్రమో.
----------

పది అడుగులు ఎగరాలంటే

దెబ్బ తగిలినట్టు నమ్మించడం మెదడు విద్య. మనిషిని ఎగరగొట్టడం మాత్రం భౌతిక శాస్త్రం ఒప్పుకోని పని.

పిడికిలి వెంట దవడ మీదికి పోయే బరువు, చెయ్యీ భుజమూ కలుపుకొని, మూడు కిలోల లెక్కన వేసుకుందాం. వేగం సెకనుకు పది మీటర్లు. ఈ ఊపంతా 75 కిలోల మనిషికి ఒక్క తునక వృథా కాకుండా బదిలీ అయిందనుకుందాం. అతనికి వచ్చే వేగం సెకనుకు 40 సెంటీమీటర్లు. మనం తీరిగ్గా నడిచే నడకలో అది మూడో వంతు కూడా కాదు. నిజమైన గుద్దు తిన్నవాడు ఒకడుగు వెనక్కి తూలుతాడు, లేదా తల ఒక్కసారిగా తిరగడంతో లోపల మెదడు కుదుపుకు గురై కాళ్ళు సడలి ఉన్నచోటే కూలిపోతాడు. బాక్సింగ్ పోటీలు చూసినవాళ్ళకు ఇది తెలిసిందే. పది అడుగులు గాల్లో పోయి పడాలంటే ఇంతకు పదిహేను రెట్ల వేగం కావాలి.

ఒకవేళ హీరోకు ఆ బలం ఉందనే అనుకుందాం. అప్పుడు కూడా న్యూటన్ వదిలిపెట్టడు. ఎంత ఊపుతో రౌడీ వెనక్కి పోతాడో అంతే ఊపుతో హీరో కూడా వెనక్కి పోవాలి. ఇద్దరూ చెరోవైపు ఎగిరిపడితే ప్రేక్షకులు ఎవరికి ఈల వెయ్యాలి?

కాబట్టి రౌడీని ఎగరేసేది పిడికిలి కాదు, వీపున కట్టిన రోప్. చొక్కా కింద పట్టీలు బిగించి, వాటికి తగిలించిన తీగను కప్పీల మీదుగా తీసుకెళ్తే, అవతలి కొసన ఐదారుగురు మనుషులు మాస్టర్ కేక వినగానే ఒక్కసారి గుంజుతారు. వాళ్ళు కెమెరాకు దూరంగా ఉంటారు కాబట్టి వెనక్కి జారేది వాళ్ళో, వాళ్ళు ఆనించుకున్న దిమ్మెనో, మనకు అక్కర్లేదు. తీగ కనపడితే తర్వాత కంప్యూటర్లో చెరిపేస్తారు. ఇది చాలా ప్రమాదకరమైన పని. గుంజడంలో తేడా వస్తే ఫైటరు నడుం విరుగుతుంది. జాతీయ అవార్డుల్లో ఫైట్ మాస్టర్ల విద్యకు చోటు దొరకడానికి 2016 సినిమాల దాకా ఆగాల్సి వచ్చింది. తొలి అవార్డు ‘పులిమురుగన్’ మలయాళ సినిమాకు పీటర్ హెయిన్ అందుకున్నాడు. 2021 సినిమాల అవార్డుల్లో ‘ఆర్ఆర్ఆర్’ ఫైట్లకు కింగ్ సాలమన్ అందుకున్నాడు.

 

----------
పెట్టె: ఇటుక పగులుతుంది, చెయ్యి ఎందుకు పగలదు?

కరాటేలో కొన్ని నిజాలు కూడా ఉన్నాయి. రొనాల్డ్ మెక్‌నేర్ అమెరికాలో భౌతిక శాస్త్రవేత్త, కరాటేలో బ్లాక్‌బెల్ట్; 1986లో కూలిపోయిన చాలెంజర్ నౌకలో చనిపోయిన ఏడుగురిలో ఒకడు. అంతకు ఏడేళ్ళ ముందు అతను మైకేల్ ఫెల్డ్, స్టీఫెన్ విల్క్‌లతో కలిసి కరాటే దెబ్బల్ని అతివేగపు ఫొటోలతో కొలిచి, 1979లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో రాశాడు. సాధకుల చెయ్యి సెకనుకు పది మీటర్ల వేగాన్ని దాటుతుందని అక్కడ తేలింది.

రెండు కొసలా ఆనించిన కాంక్రీటు పలక మీద మధ్యలో కొడితే పలక కిందికి వంగుతుంది. పై ముఖం నొక్కుకుంటుంది, అడుగు ముఖం సాగుతుంది. కాంక్రీటు నొక్కుడుకు గట్టిదే గాని సాగుడుకు అర్భకురాలు; అడుగునుంచి పగులు మొదలై పైకి పాకుతుంది. ఎముక అలా కాదు, సాగుడునూ బాగా ఓర్చుకుంటుంది, చుట్టూ కండ, తోలు ఉన్నాయి. పైగా తాకిడి సెకనులో వెయ్యోవంతులు కొన్నిట్లోనే ముగుస్తుంది. చెయ్యి వేగం పూర్తిగా చాచినప్పుడు కాదు, అంతకు ముందే, ముప్పావు దూరం దగ్గర గరిష్ఠం. అందుకే గురువులు ‘పలకను కాదు, పలక వెనక చోటును కొట్టు’ అంటారు. జంకి చెయ్యి వెనక్కి లాక్కున్నవాడికే వేళ్ళు విరుగుతాయి. ఇంట్లో చేసి చూడొద్దు, సాధనలో ఎముక గట్టిపడటానికి ఏళ్ళు పడుతుంది.
----------

అసలు డిటెక్టివ్ ఎదుట ఇదే బొమ్మ

ఇప్పుడు సినిమా పక్కన పెట్టి, ఒక అసలు కేసు అనుకుందాం. కూడలిలో గొడవ జరిగింది. ఒకడు ఇంకొకడిని కొట్టాడని ఫిర్యాదు. రెండోవాడు పక్కనున్న అరుగు తగిలి పడ్డాడని నిందితుడి వాదన. దుకాణం మీది సీసీ కెమెరాలో అంతా పడింది. చూస్తే తెలిసిపోతుంది కదా?

ఆ కెమెరాకు ఉన్నది ఒకే కన్ను, అదీ స్తంభం మీద, దూరంగా. నిల్వ చోటు కలిసిరావడానికి చాలా కెమెరాలు సెకనుకు 24 కాదు, 10 నుంచి 15 ఫ్రేములే దాస్తాయి. సెకనుకు 12 అయితే ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య పిడికిలి 80 సెంటీమీటర్లు నడుస్తుంది. మనిషి చెయ్యి చాపితే ఉండే పొడవంత. బొమ్మను కుదించే పద్ధతిలో మారని ముక్కల్ని వెనకటి ఫ్రేము నుంచే మళ్ళీ వాడుకోవడం ఉంటుంది కాబట్టి చిన్న కదలికలు ఇంకా పలచబడతాయి. చప్పుడు చాలావాటిలో ఉండదు. లోతు లేదు, తాకిన క్షణం లేదు: ఫైట్ మాస్టర్ ఏరి కోరి సమకూర్చుకున్న పరిస్థితులన్నీ ఇక్కడ అడక్కుండానే ఉన్నాయి. ఆ క్లిప్పు చూసిన మెదడు తన అలవాటు ప్రకారం తాకిడిని పూరిస్తుంది. చూసినవాడు ఇన్‌స్పెక్టరైనా అంతే, జడ్జి అయినా అంతే.

‘మెల్లగా ఆడించి చూడండి’ అంటారు. అది ఇంకో గుంట. యూజీన్ కరూసో, జాకరీ బర్న్స్, బెంజమిన్ కన్వర్స్ 2016లో ప్రచురించిన అధ్యయనంలో, దాడి దృశ్యాల్ని నెమ్మదించి చూసినవాళ్ళు ఆ మనిషి కావాలనే చేశాడని ఎక్కువగా తేల్చారు. సాగదీసిన బొమ్మలో అతనికి ఆలోచించుకొనే వ్యవధి ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఉన్నది రెప్పపాటు. అసలు ఎంతసేపట్లో జరిగిందో తెర మీద అంకెల్లో చూపించినా ఆ భావన పూర్తిగా పోలేదు. పైగా సాగదీసినందువల్ల కొత్త ఫ్రేములు పుట్టుకురావు. ఉన్న 12 ఫ్రేములే ఒక్కొక్కటి ఎక్కువసేపు నిలబడతాయి.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి క్లిప్పుకు ధ్రువపత్రం జత చెయ్యాలి. రికార్డు ఏ పరికరంలోంచి వచ్చిందో, దాన్ని ఎవరూ తారుమారు చెయ్యలేదనడానికి ఆధారమేమిటో అది చెబుతుంది. రెండు ఫ్రేముల మధ్య ఏం జరిగిందో చెప్పడం దాని పని కాదు. అది తెలియాలంటే పాత పద్ధతులే: ఇంకో కోణం నుంచి పడిన కెమెరా ఉందా, ఆసుపత్రి ఇచ్చిన వూండ్ సర్టిఫికెట్‌లో గాయం ఏ వైపు, ఏ ఎత్తులో ఉంది, అరుగు ఎత్తు ఎంత.

ఎవరైనా సెల్‌ఫోనులో తీసిన వీడియో దొరికితే అందులో చప్పుడు కూడా ఉంటుంది, అప్పుడు చెవి ఎంత గట్టిగా సాక్ష్యం చెబుతుందో చూశాం. అక్కడ ఒక లెక్క పనికొస్తుంది. ఫోను పట్టుకున్నవాడు గొడవకు 30 మీటర్ల దూరంలో ఉన్నాడనుకుందాం. ఆ దూరం నడవడానికి చప్పుడుకు 90 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో అది దాదాపు మూడు ఫ్రేములు. దెబ్బ కనబడిన ఫ్రేములోనే, సరిగ్గా అదే క్షణంలో చప్పుడు కూడా పడి ఉంటే అది దవడ దగ్గర పుట్టిన చప్పుడు కాదు. ఫోను పక్కనే ఎవరో షట్టరు దించి ఉంటారు, లేదా ఎవరో ఎడిటింగ్‌లో కూర్చుని ఉంటారు.